అనిమే ప్రపంచమంతా చూస్తోంది, మరి గీసేవారికి ఏం దక్కుతోంది?

లెక్కలపుస్తకం (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఎం.కాం. ప్రాజెక్టు కోసం జపాన్ అనిమే, అంటే అక్కడి యానిమేషన్ చిత్రాల, పరిశ్రమ ఆదాయాల మీద పనిచేస్తున్నాను. చదివేకొద్దీ ఒక విషయం మింగుడుపడటం లేదు. ఇక్కడ తెలిసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

జపాన్ యానిమేషన్ సంఘం ఏటా ఒక నివేదిక వెలువరిస్తుంది. దాని ప్రకారం 2023లో అనిమే మార్కెట్ మొత్తం సుమారు 3.35 లక్షల కోట్ల యెన్లు. అందులో విదేశాల నుంచి వచ్చింది 1.72 లక్షల కోట్లు, అంటే సగానికి మించి. 2020లోనే విదేశీ ఆదాయం మొదటిసారి స్వదేశీ ఆదాయాన్ని దాటింది. అయితే ఇదంతా ప్రేక్షకులు టికెట్లకు, చందాలకు, బొమ్మలకు, చొక్కాలకు పెట్టిన ఖర్చు. తయారుచేసిన స్టూడియోల చేతికి వచ్చిన మొత్తాన్ని అదే నివేదిక వేరుగా చూపిస్తుంది. అది ఇందులో చిన్న వాటా మాత్రమే.

ఇక స్టూడియో నుంచి బల్ల ముందు కూర్చుని గీసే మనిషి దగ్గరికి వస్తే, యానిమేటర్ల సంఘం జానికా 2015లో ప్రచురించిన సర్వేలో డౌగా, అంటే ముఖ్య భంగిమల మధ్య బొమ్మలు, గీసేవారి సగటు సంవత్సరాదాయం సుమారు 11 లక్షల యెన్లు. ఆ డబ్బుతో టోక్యోలో అద్దె కట్టి బతకడం ఎంత కష్టమో అక్కడ ఉన్నవారు చెప్పగలరు.

గిరాకీ ప్రపంచమంతా ఉంది. నేర్పున్న చేతులు తక్కువ. అలాంటప్పుడు కూలీ పెరగాలని మా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇక్కడ ఎందుకు పెరగలేదు?

గోకూ_గుంటూరు (గుంటూరు)

అక్కా, మంచి ప్రశ్న అడిగారు. నాకు లెక్కలు తెలియవు కానీ అభిమానం గురించి చెప్పగలను. 2025 సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' తెలుగులో విడుదలైంది. పొద్దున్నే ఆటకు వెళ్తే మా కళాశాల సగం అక్కడే ఉంది. హంగామాలో డోరేమాన్, షిన్-చాన్ చూస్తూ పెరిగిన పిల్లలమే మేమంతా. ఒక జపాన్ బొమ్మల సినిమాకు, అదీ మన భాషలో, జనం ఈలలు వేయడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

నా ప్రశ్న ఒక్కటే. ఆ రోజు నేను పెట్టిన టికెట్టు డబ్బులో ఆ బొమ్మలు గీసినవారికి ఎంతోకొంత చేరిందా లేదా?

తూర్పుగాలి (కోబె, జపాన్)

లెక్కలపుస్తకం గారి ప్రశ్నకు జవాబు 1963లో మొదలవుతుంది. కొంచెం ఓపికగా చదవండి.

ఆ ఏడాది జనవరి 1న ఫుజి టీవీలో ఒసాము తెజుకా తీసిన ఆస్ట్రో బాయ్ బొమ్మల ధారావాహిక మొదలైంది. జపాన్‌లో దాని పేరు 'తెత్సువాన్ అతోము'. అప్పటికి తోయె సంస్థ పూర్తి నిడివి బొమ్మల చిత్రాలు తీస్తోంది. వాటికి నెలల తరబడి సమయం, పెద్ద బృందం కావాలి. వారం వారం అరగంట కార్యక్రమం అదే పద్ధతిలో తీయడం అసాధ్యం. అందుకని తెజుకా బృందం బొమ్మల సంఖ్యనే కోసేసింది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 8 బొమ్మలు చాలు. మాట్లాడేటప్పుడు నోరు తప్ప ఏదీ కదలదు. మనిషి నిలబడి ఉంటాడు, వెనక నేపథ్యం జరుగుతుంది. ఒకసారి గీసిన ఎగిరే దృశ్యాన్ని దాచుకుని పదే పదే వాడతారు.

ఇంత పొదుపు చేసినా ఖర్చు పూర్తిగా తగ్గలేదు. అయినా తెజుకా తయారీ ఖర్చు కన్నా తక్కువ ధరకే టీవీకి భాగాలు ఇచ్చాడు. వేరెవరూ ఆ ధరకు పోటీ పడలేరన్నది ఒక ఆలోచన. మిగిలిన లోటును బొమ్మల హక్కులతో పూడ్చుకోవచ్చన్నది రెండోది. ప్రాయోజకులు మెయిజీ కంపెనీవారు తమ చాక్లెట్లతో అతోము స్టిక్కర్లు ఇచ్చారు. పిల్లలు ఎగబడ్డారు. అమెరికాలో ఎన్‌బీసీ అనుబంధ సంస్థ కూడా ఆ ధారావాహికను కొన్నది.

బొమ్మల కార్యక్రమం నష్టానికి తీయాలి, లాభం దాని చుట్టూ అమ్ముడయ్యే వస్తువుల్లో రావాలి. పరిశ్రమ ఈ పునాది మీదనే లేచింది. చిక్కు ఎక్కడంటే, తెజుకాకు రెండు చేతులా హక్కులు ఉన్నాయి. మూలకథ ఆయనదే, స్టూడియో ఆయనదే. తరవాత వచ్చిన స్టూడియోలకు హక్కులు లేవు, తక్కువ ధర మాత్రం వారసత్వంగా మిగిలింది. ఆయన స్టూడియో ముషి ప్రొడక్షన్ కూడా 1973లో దివాలా తీసింది.

మా ఇంటి నుంచి తకరజుకా పట్టణం దగ్గరే. తెజుకా పెరిగింది అక్కడే. 1994లో ఆయన పేరిట కట్టిన ప్రదర్శనశాల ఉంది. వెళ్ళినప్పుడల్లా ఆయన గీతను చూసి అబ్బురపడతాను. ఆ ధర నిర్ణయాన్ని మాత్రం క్షమించలేను.

పాతవారపత్రిక (రాజమహేంద్రవరం)

తూర్పుగాలి గారూ, చివరి మాటతో నేను ఏకీభవించను. ఆ ధర లేకపోతే వారం వారం అనిమే అనేదే పుట్టేది కాదు. తోయె పద్ధతిలో ఏడాదికి ఒకటో రెండో మంచి సినిమాలు వచ్చేవి, జపాన్ పిల్లలు చూసేవారు, అక్కడితో ఆగేది.

ఇంకొకటి. మీరంతా తెర వైపే చూస్తున్నారు. ఈ పరిశ్రమకు వేరు కాగితంలో ఉంది. నేను శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మన వారపత్రికల్లో సీరియళ్ళు ఉధృతంగా నడిచిన రోజుల్లో పత్రిక వచ్చే రోజు పొద్దున్నే గ్రంథాలయం తలుపు దగ్గర జనం నిలబడేవారు. సీరియల్ పేజీలు చింపుకుపోయినవారూ ఉన్నారు. జపాన్‌లో 'షోనెన్ జంప్' వారపత్రిక చేసిందీ అదే, కానీ బొమ్మలతో, ఊహించలేనంత పెద్ద స్థాయిలో. 1968లో మొదలైన ఆ పత్రిక 1990ల మధ్యలో ఒక్క సంచికకు 65.3 లక్షల ప్రతులు తాకింది. ప్రతి సంచికలో పాఠకుల అభిప్రాయ కార్డు ఉండేది. నచ్చిన కథలకు గుర్తు పెట్టి పంపాలి. వెనకబడిన కథను కొన్ని వారాల్లోనే ముగించేసేవారు. డ్రాగన్ బాల్, వన్ పీస్, నరుతో, అన్నీ ఆ వడపోతలో నిలిచి వచ్చినవే.

ఈ బొమ్మల కథలను మాంగా అంటారు. మాంగా రచయితకు కాపీరైట్ తన దగ్గరే ఉంటుందన్నది ఇక్కడ ముఖ్యం. అమెరికా కామిక్ కంపెనీల్లో చాలాకాలం బొమ్మలు గీసినవారు జీతగాళ్ళు, పాత్రలు కంపెనీవి. జపాన్‌లో అకీరా తొరియామా, ఎయిచిరో ఓదా సంపన్నులయ్యారు. వన్ పీస్ పుస్తకాలు 2022 నాటికి 50 కోట్ల ప్రతులు దాటాయి. కాబట్టి సృష్టికర్తలకు ఏమీ దక్కలేదు అనకండి.

కాటుకగీత (హైదరాబాద్)

పాతవారపత్రిక గారూ, మీ మీద గౌరవంతోనే గట్టిగా చెబుతున్నాను. సృష్టికర్త అంటే కథ రాసినవారు ఒక్కరే కాదు.

నేను 2డీ యానిమేటర్‌ని. హైదరాబాద్‌లో పిల్లల ధారావాహికలకు పనిచేస్తాను. మా దగ్గర ఎక్కువ పని టూన్ బూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో రిగ్ కట్టి నడిపేది. ఒకసారి బొమ్మ విడిభాగాలు అమర్చుకుంటే చేతులు, కాళ్ళు తిప్పుకోవచ్చు. జపాన్‌వారు ఇప్పటికీ చాలావరకు ప్రతి బొమ్మా చేత్తో గీస్తారు, కాగితం మీద గానీ ట్యాబ్లెట్ మీద గానీ. పని ఎలా సాగుతుందో చెప్తాను, అప్పుడు డబ్బు విషయం అర్థమవుతుంది.

దర్శకుడు బొమ్మలతో కథాక్రమం గీస్తాడు. దాన్ని ఎకొంతె అంటారు. అరగంట భాగంలో 300 చుట్టూ కట్‌లు, అంటే షాట్లు, ఉంటాయి. వాటిని గెంగా గీసేవారికి పంచుతారు. గెంగా అంటే కదలికలో ముఖ్యమైన భంగిమలు. దాని మీద సకుగా కంతోకు, అంటే బొమ్మల పర్యవేక్షకుడు, ముఖాలు పాత్రకు తగ్గట్టు లేకపోతే మళ్ళీ దిద్దుతాడు. ఆ రెండు భంగిమల మధ్య ఉండే బొమ్మలన్నీ గీసి, గీతలు శుభ్రం చేసేది డౌగా పని. ఒక్కో భాగానికి వేలల్లో డౌగాలు కావాలి. కొత్తగా చేరినవారు అందరూ డౌగాతోనే మొదలుపెడతారు. కూలీ బొమ్మ లెక్కన. ఎక్కువగా వినబడే ధర ఒక్కోదానికి 200 యెన్ల చుట్టూ.

ఇప్పుడు ఆలోచించండి. కత్తి పట్టుకుని, పొరలు పొరలుగా కిమోనో వేసుకుని, గాలికి జుట్టు ఎగురుతున్న పాత్ర ఉంది. ఆ ఒక్క డౌగా గీయడానికి గంట పైనే పట్టవచ్చు. గుండ్రటి తల ఉన్న పిల్లవాడి బొమ్మ పది నిమిషాల్లో అయిపోతుంది. ధరలో తేడా పెద్దగా ఉండదు. అంటే ప్రేక్షకులు ఏ అందాన్ని చూసి చప్పట్లు కొడుతున్నారో, ఆ అందం ఎక్కువైనకొద్దీ గీసేవారి రోజుకూలీ తగ్గుతుంది. గోకూ గారు చూసిన సినిమాలో ఆ చొక్కాల మీద గడుల డిజైన్ గుర్తుందా? చేతిపనిగా ప్రతి మడతలో దాన్ని సరిగ్గా కూర్చడం ఎంత కష్టమో నాకు తెలుసు.

2024 మార్చిలో 'గాడ్జిల్లా మైనస్ వన్' విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ గెలిచినప్పుడు మా ఆఫీసులో కూడా అందరం సంబరపడ్డాం. 35 మంది కళాకారులు చేశారు, మొత్తం సినిమా ఖర్చు 1.5 కోట్ల డాలర్ల లోపు. నాకు ఆ బృందం మీద అపారమైన గౌరవం ఉంది. కానీ ఎక్కడ చూసినా 'ఎంత తక్కువలో చేశారో' అన్న పొగడ్తే వినిపించింది. ఆ పొగడ్త విన్న నిర్మాత తరవాత మా దగ్గరికి వచ్చి బేరం ఆడతాడు. నైపుణ్యాన్ని చౌకతనంతో కొలవడం మానేయాలి.

గోకూ_గుంటూరు

అమ్మో. ఆ గడుల చొక్కా గురించి ఇప్పటిదాకా అలా ఆలోచించనేలేదు. మళ్ళీ చూడాలనిపిస్తోంది.

తూర్పుగాలి

పాతవారపత్రిక గారు కాపీరైట్ రచయితదే అన్నారు. నిజమే. కానీ సినిమా తీసేటప్పుడు మూలకథకు ఇచ్చే మొత్తం ఎంత తక్కువో ఒక ఉదాహరణ చెప్తాను. రోమన్ స్నానశాలల కథతో వచ్చిన ఒక మాంగా సినిమాగా తీస్తే సుమారు 580 కోట్ల యెన్లు వసూలయ్యాయి. తనకు ముట్టింది 10 లక్షల యెన్లని రచయిత్రి మారి యమజాకి 2013లో టీవీలో చెప్పారు. జపాన్‌లో పెద్ద దుమారం లేచింది.

ఇక గోకూ గారి టికెట్టు డబ్బు ఎటు వెళ్ళిందన్న ప్రశ్న. దీనికి నిర్మాణ కమిటీ గురించి తెలియాలి. ఒక అనిమే తీయాలంటే పుస్తక ప్రచురణకర్త, టీవీ సంస్థ, పాటల కంపెనీ, బొమ్మల కంపెనీ, ప్రకటనల సంస్థ, ఇలా కొందరు కలిసి తలా కొంత పెట్టుబడి పెడతారు. రాబడిని పెట్టుబడి నిష్పత్తిలో పంచుకుంటారు. ఎవరి రంగంలో హక్కు వారిది. పాటలు పాటల కంపెనీకి, బొమ్మలు బొమ్మల కంపెనీకి. స్టూడియో ఆ కమిటీలో లేకపోతే దానికి ముందే మాట్లాడుకున్న మొత్తం తప్ప మరేమీ రాదు. సినిమా ప్రపంచమంతా ఆడినా, ఆరిపోయినా అంతే.

'డీమన్ స్లేయర్' విషయంలో కొంత మెరుగు. 2020లో వచ్చిన 'ముగెన్ ట్రైన్' సినిమాకు కమిటీలో ఉన్నవి మూడే సంస్థలు: నిర్మాణ సంస్థ అనిప్లెక్స్, ప్రచురణకర్త షూయేషా, స్టూడియో యూఫోటేబుల్. అంటే గీసిన సంస్థకు కూడా వాటా ఉంది. ఆ సినిమా జపాన్‌లోనే 4,000 కోట్ల యెన్లు దాటి, 'స్పిరిటెడ్ అవే' రికార్డును చెరిపేసింది. స్టూడియోకు వాటా ఉన్నంత మాత్రాన డౌగా గీసిన ప్రతి ఒక్కరికీ చేరిందని కాదు. కానీ చేరే దారి అంటూ ఒకటి ఉంది.

పాతవారపత్రిక

మీరు కమిటీని దోపిడీ సాధనంగా చూపిస్తున్నారు. అది పుట్టిన కారణం కూడా చెప్పాలి కదా? ఏటా వందల కొద్దీ ధారావాహికలు వస్తాయి, ఎక్కువ భాగం నష్టపోతాయి. ఆ నష్టం ఒక్క స్టూడియో నెత్తిన పడితే ముషి ప్రొడక్షన్ గతే అందరికీ పడుతుంది. నష్టాన్ని పంచుకునే ఏర్పాటు ఉంది కాబట్టే 1995లో 'ఎవాంజెలియన్' లాంటి వింత కథకు డబ్బు దొరికింది. నమ్మకంగా ఆడే సరుకు మాత్రమే తీస్తామనే ఒకే పెద్ద కంపెనీ చేతిలో ఉంటే అలాంటిది వచ్చి ఉండేదా? జపాన్ అనిమేలో ఉన్న ఈ వైవిధ్యం, వంటల మీద ఒకటి, వాలీబాల్ మీద ఒకటి, చదరంగం లాంటి షోగి ఆట మీద ఒకటి, నష్టభయాన్ని చీల్చి పంచుకున్నందువల్లే సాధ్యమైంది.

లెక్కలపుస్తకం

పాతవారపత్రిక గారి మాట నాకు పనికొచ్చింది, ప్రాజెక్టులో ఒక అధ్యాయం దీనికే పెడతాను. కానీ లెక్క ప్రకారం చూస్తే నష్టం పంచుకోవడంలో ఒక లోపం ఉంది. కమిటీ సభ్యులకు నష్టం వస్తే డబ్బు పోతుంది, లాభం వస్తే డబ్బు వస్తుంది. స్టూడియోకు లాభం రాదు సరే, నష్టం కూడా రాదని అనుకుంటాం. కానీ మాట్లాడుకున్న మొత్తం పని మధ్యలో చాలకపోతే ఆ లోటు ఎవరిది? స్టూడియోది, అక్కడి నుంచి బొమ్మ లెక్కన కూలీ తీసుకునేవారిది. పెట్టుబడిదారుల జాబితాలో పేరు లేకుండానే వారూ నష్టం మోస్తున్నారు.

వేరే దారులు ప్రయత్నించినవారూ ఉన్నారు. మాప్పా స్టూడియో 2022లో 'చైన్‌సా మ్యాన్'ను కమిటీ లేకుండా మొత్తం సొంత డబ్బుతో తీసింది. నెట్‌ఫ్లిక్స్ 2018లోనే ప్రొడక్షన్ ఐజీ, బోన్స్ సంస్థలతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. వీటి వల్ల గీసేవారి ఆదాయం పెరిగిందా అన్నది నేను వెతుకుతున్న ప్రశ్న.

గొంతుక (చెన్నై)

నేను డబ్బింగ్ రచయితను. తెలుగు కోసం పిల్లల కార్యక్రమాలు, ఇటీవల కొన్ని అనిమే ధారావాహికలు రాశాను. తూర్పుగాలి గారు సెకనుకు 8 బొమ్మలని, నోరు తప్ప ఏదీ కదలదని చెప్పినప్పుడు నాకు ఒక విషయం తట్టింది. ఆ పొదుపే అనిమేను ప్రపంచమంతా తిప్పింది.

నటుల సినిమాకు డబ్బింగ్ రాయడం నరకం. పెదవి మూసినచోట 'ప', 'బ', 'మ' పడాలి, తెరిచినచోట అచ్చు పడాలి. అనిమేలో పాత్ర నోటికి సాధారణంగా మూడే ఆకారాలు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. జపాన్ భాషకు కూడా అవి కచ్చితంగా సరిపోవు. అందుకే ఏ భాషలో మాట్లాడించినా సహజంగానే కనబడుతుంది. నిడివి సరిపోతే చాలు. మిగతా శ్రమ అంతా పలుకుబడి మీద, భావం మీద పెట్టుకోవచ్చు.

దీనికి ధర కూడా తోడైంది. జపాన్ టీవీలో ప్రసారమై, బొమ్మలు అమ్ముడై ఖర్చు కొంతవరకు వచ్చేసిన కార్యక్రమాన్ని విదేశాలకు చౌకగా ఇచ్చేవారు. 1970లలో ఐరోపా, ఆసియా టీవీలకు పిల్లల సమయం నింపడానికి సరుకు కావాలి, చేతిలో డబ్బు లేదు. 1978లో ఫ్రాన్స్‌లో 'గోల్డొరాక్' పేరుతో వచ్చిన రోబో కథ ఒక తరాన్ని ఊపేసింది. అదే ఏడాది ఫిలిప్పీన్స్‌లో 'వోల్టెస్ ఫైవ్' మొదలైంది. మరుసటి ఏడాది మార్కోస్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది, అదీ చివరి కొన్ని భాగాలు మిగిలి ఉండగా! అక్కడి పిల్లలు ముగింపు చూడకుండానే పెద్దవారయ్యారు. 2023లో ఫిలిప్పీన్స్ వారే దాన్ని నటులతో మళ్ళీ తీసుకున్నారు.

కాబట్టి చౌక వల్లే అది మన దాకా వచ్చింది. ఆ చౌక ఎవరి భుజాల మీద నిలబడిందో కాటుకగీత గారు చెప్పారు. ఈ రెండూ ఒకే విషయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సాయంత్రపురాగం (బెంగళూరు)

మీరంతా అనిమే గురించే మాట్లాడుతున్నారు. పాటల వైపు, రంగస్థలం వైపు ఇంకా చీకటి ఉంది. క్యూ సకమొతో పాట 1963లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది, జపాన్ భాషలోనే. అక్కడి నుంచి 2023లో యోఅసోబి 'ఐడల్' దాకా ఎంతో చక్కని సంగీతం వచ్చింది. నేను దాన్ని ప్రేమిస్తాను. కానీ అదే 2023లో, దశాబ్దాల పాటు కుర్రాళ్ళ బృందాలను తయారుచేసిన జానీ కితగావా బాలురపై లైంగిక దుశ్చర్యలకు పాల్పడ్డాడని ఆయన సంస్థే ఒప్పుకోవలసి వచ్చింది. ఆయన అప్పటికి చనిపోయి నాలుగేళ్ళు. మార్చిలో బీబీసీ డాక్యుమెంటరీ వచ్చేదాకా జపాన్ పెద్ద పత్రికలు, టీవీలు దాదాపు మౌనంగా ఉన్నాయి. ఆ బృందాలు లేకపోతే వారి కార్యక్రమాలకు రేటింగులు లేవు కాబట్టి.

గీసేవారికి తక్కువ కూలీ, పాడే పిల్లలకు రక్షణ లేకపోవడం, రెండూ ఒకటేనని నేను అనను. కానీ ఎవరి ప్రతిభ మీద అమ్మకం నడుస్తుందో వారికే మాట్లాడే బలం లేకపోవడం రెండుచోట్లా కనబడుతుంది.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. ఒక్క మనవి. బాధితుల పేర్లు, వ్యక్తిగత వివరాలు ఎవరూ రాయవద్దు. ఇద్దరి టపాల్లో ఆ వాక్యాలు తొలగించాం.

తూర్పుగాలి

సాయంత్రపురాగం గారు రంగస్థలం అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇది మనకు సంబంధించినది కూడా.

'ఆర్ఆర్ఆర్' 2022 అక్టోబరు 21న జపాన్‌లో విడుదలై ఏడాదికి పైగా ఆడింది, 200 కోట్ల యెన్లు దాటింది. అంతకు ముందు 'బాహుబలి 2'కి ఇక్కడి ప్రేక్షకులు వేషాలు వేసుకుని, గిలకలు పట్టుకుని, కేకలు వేసే ప్రత్యేక ఆటలు నడిచాయి. మామూలుగా జపాన్ థియేటర్లో చివరి పేర్లు అయ్యేదాకా ఎవరూ మాట్లాడరు. 2024 జనవరిలో తకరజుకా నాటక సంస్థ 'ఆర్ఆర్ఆర్'ను సంగీత నాటకంగా ఆడింది. అక్కడ అన్ని పాత్రలూ స్త్రీలే వేస్తారు. భీమ్ కూడా స్త్రీయే, రామ్ కూడా స్త్రీయే. నాటునాటుకు వారు వేసిన అడుగులు చూసి మా తెలుగువాళ్ళం చప్పట్లు ఆపలేదు. తెజుకా చిన్నప్పుడు తల్లితో వెళ్ళి చూసిన నాటక సంస్థ అదే. కత్తి పట్టిన రాజకుమారి కథలు ఆయన గీయడానికి మూలం ఆ వేదికే.

అదే సంస్థలో 2023 సెప్టెంబరులో ఒక యువ కళాకారిణి మరణించారు. మితిమీరిన పని, పై వారి వేధింపులు ఉన్నాయని కుటుంబం చెప్పింది. 2024 మార్చిలో సంస్థ వేధింపులు జరిగాయని అంగీకరించి క్షమాపణ చెప్పింది. మనం ఆనందంగా చూసిన నాటకం ఆ నెలల్లోనే నడిచింది. అది తెలిశాక ఆ సంబరాన్ని ముందులా తలచుకోలేకపోతున్నాను.

కాటుకగీత

ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మంచి ఉదాహరణ కూడా ఉందని చెప్పకపోతే అన్యాయం. ఊజీ పట్టణంలో క్యోతో యానిమేషన్ ఉంది. 1981లో యోకో హత్తా మొదలుపెట్టారు. అక్కడ గీసేవారిని బొమ్మ లెక్కన కాకుండా నెలజీతం మీద ఉద్యోగులుగా తీసుకుంటారు. కొత్తవారికి సొంతంగా శిక్షణ ఇస్తారు. తమ సొంత ప్రచురణ విభాగం ద్వారా నవలలు వేసి, వాటి నుంచే కథలు తీసుకుంటారు. దాంతో మూలకథ హక్కు కూడా చేతిలో ఉంటుంది. వారి పాత్రలు నిలబడే తీరు, నడిచే తీరు, జడ సర్దుకునే తీరు చూడండి. ఏ హడావిడీ లేకుండా గీసిన గీత అది. జీతం భద్రంగా ఉన్న చెయ్యి అలా గీస్తుందని నా నమ్మకం.

2019 జూలై 18న ఆ స్టూడియోకు ఒకడు నిప్పు పెట్టాడు. 36 మంది పోయారు. ప్రపంచం నలుమూలల నుంచి 330 కోట్ల యెన్లకు పైగా విరాళాలు వచ్చాయి. ఆ వారం మా ఆఫీసులో అందరం వారి సన్నివేశాలను ఫ్రేము ఫ్రేముగా తిప్పి చూసుకుంటూ కూర్చున్నాం. వాళ్ళు మళ్ళీ లేచి పని మొదలుపెట్టారు. అందుకు వారికి నా నమస్కారం.

లెక్కలపుస్తకం

చట్టం వైపు కూడా కొంత కదలిక ఉంది. 2024 మేలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలికి చెందిన బృందం జపాన్ మీద ఇచ్చిన నివేదికలో అనిమే కార్మికుల తక్కువ ఆదాయం, పని గంటల ప్రస్తావన వచ్చింది. అదే ఏడాది నవంబరు 1 నుంచి స్వేచ్ఛావృత్తి చేసేవారి రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. పని షరతులు రాతపూర్వకంగా ఇవ్వాలి, పని అందిన 60 రోజుల లోపు డబ్బు చెల్లించాలి. నోటిమాట మీద పని ఇచ్చే అలవాటున్న పరిశ్రమలో ఇది చిన్న మార్పు కాదు.

ప్రభుత్వ లక్ష్యం మాత్రం వేరే స్థాయిలో ఉంది. సినిమా, ఆటలు, మాంగా, అనిమే అన్నీ కలిపి విదేశీ అమ్మకాలు 2022లో 4.7 లక్షల కోట్ల యెన్లు, అంటే ఉక్కు ఎగుమతులతో పోల్చదగినంత. దాన్ని 2033 నాటికి 20 లక్షల కోట్లకు తీసుకెళ్తామని 2024 జూన్‌లో ప్రకటించారు. నాలుగు రెట్లకు పైగా! ఆ బొమ్మలన్నీ గీసే చేతులు ఎక్కడి నుంచి వస్తాయి?

పాతవారపత్రిక

ఈ చివరి ప్రశ్న దగ్గర నేను మీతోనే ఉన్నాను. కమిటీ వల్ల వైవిధ్యం వచ్చిందన్న మాట మీద నిలబడుతూనే చెబుతున్నాను. డౌగా పనిలో ఎక్కువ భాగం కొరియా, చైనా, ఫిలిప్పీన్స్, వియత్నాంలకు వెళ్ళిపోయిందని చదువుతున్నాను. డౌగా గీస్తూనే కదా రేపటి గెంగా గీసేవారు తయారవుతారు? కింది మెట్టు తీసేసి పై మెట్టు మీదికి ఎవరు ఎక్కగలరు?

గొంతుక

గోకూ గారు టికెట్టు డబ్బు గురించి అడిగారు కదా, దాని వెంట ఇంకో ప్రశ్న మిగిలింది. ప్రేక్షకుడిగా ఏం చేయవచ్చు అన్నది. క్రంచీరోల్ 2006లో అనుమతి లేకుండా జనం వీడియోలు ఎక్కించే సైటుగానే మొదలైంది. తరవాత హక్కులు కొని, 2021లో 117.5 కోట్ల డాలర్లకు సోనీ చేతికి వెళ్ళింది. ఇప్పుడు తెలుగు డబ్బింగ్‌తో కూడా ఇస్తోంది. దొంగ సైట్లో చూస్తే కమిటీకి కూడా ఏమీ రాదు, కాబట్టి అధికారికంగా చూడండి. మాంగా అయితే షూయేషా వారి 'మాంగా ప్లస్' యాప్ 2019 నుంచి ఉంది. తాజా అధ్యాయాలు ఇంగ్లీషులో ఉచితం, ఆ ప్రకటనల ఆదాయంలో రచయితకు వాటా ఉంటుంది. స్టూడియోలు తామే అమ్మే బొమ్మల పుస్తకాలు, గెంగా సంకలనాలు కొంటే డబ్బు నేరుగా స్టూడియోకు చేరుతుంది.

గోకూ_గుంటూరు

అన్నీ చదివాను. కాటుకగీత గారూ, ఒక్కటి అడగాలి. నేను చాలాకాలంగా బొమ్మలు గీస్తున్నాను. డిగ్రీ అయ్యాక జపాన్ వెళ్ళి యానిమేటర్ అవ్వాలని ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇదంతా చదివాక కూడా కోరిక తగ్గలేదు. వెళ్ళవచ్చా?

కాటుకగీత

వెళ్ళవచ్చు తమ్ముడూ. కళ్ళు తెరిచి వెళ్ళు.

డిగ్రీ మాత్రం పూర్తిచెయ్యి. ఉద్యోగ వీసాకు డిగ్రీ గానీ, అక్కడి వృత్తి విద్యాకళాశాల డిప్లొమా గానీ అడుగుతారు. బొమ్మ లెక్కన కాంట్రాక్టు ఇచ్చే స్టూడియోతో వీసా దొరకడం చాలా కష్టం, కాబట్టి ఉద్యోగిగా తీసుకునే స్టూడియోల జాబితా ముందే తయారుచేసుకో. జపాన్ భాష ఇప్పుడే మొదలుపెట్టు. ఎకొంతె పక్కన రాసే సూచనలన్నీ చేతిరాతలో, జపాన్ భాషలోనే ఉంటాయి. జేఎల్‌పీటీ అనే జపాన్ భాషా సామర్థ్య పరీక్ష జూలైలో, డిసెంబరులో జరుగుతుంది. కనీసం ఎన్2 స్థాయి పెట్టుకో.

గీయడం విషయానికి వస్తే అనిమే పాత్రలను చూసి గీయడం తగ్గించు. అది నీకు ఇప్పటికే వచ్చి ఉంటుంది. గుంటూరు బస్టాండులో కూర్చుని నడిచే మనుషులను గీయి. బరువు మోస్తున్నవాడి నడుము ఎటు వంగుతుంది, చీర కట్టుకున్న ఆమె మెట్లు ఎక్కేటప్పుడు మడత ఎక్కడ పడుతుంది, అవన్నీ చూసుకో. స్టూడియోలు చూసేది అదే. నీ బొమ్మలు కొన్ని ఇక్కడ పెట్టు, నేనూ మా ఆఫీసులోని మిత్రులూ చూసి చెప్తాం. ఇంట్లో చెప్పేటప్పుడు మాత్రం లెక్కలపుస్తకం గారి అంకెలు దాచకుండా చెప్పు.

గోకూ_గుంటూరు

ఆదివారం బస్టాండుకు వెళ్ళి గీసినవి సాయంత్రం ఇక్కడే పెడతాను. అక్కా, ముఖాలు కాకుండా నడక మాత్రమే గీయనా, లేక రెండూనా?

కాటుకగీత

నడక మాత్రమే. ముఖాలు వద్దు. ఒక్కో బొమ్మకు నిమిషం దాటనివ్వకు.